మా తమ్ముడు రోజూ ఎడమ బూటు దాచేస్తున్నాడు

చిన్నా వాళ్లక్క:

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలా కాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 24 ఏళ్లు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ సరిగ్గా అందలేదన్నారు. మేధో వైకల్యం ఉంది, దాంతోపాటు ఎడమ కాలూ చెయ్యీ కొంచెం బిగుసుకుని ఉంటాయి. ఎడమ కాలికి స్ప్లింట్, దాని మీదికి ఒక సైజు పెద్ద బూటు. మొత్తం ఇరవై మాటల దాకా వస్తాయి. వాటిలో సగం మా ఇంట్లోవాళ్లకే అర్థమవుతాయి. ఇంట్లో అందరం చిన్నా అంటాం.

ఆరేళ్లుగా ఒక డే కేర్ సెంటర్‌కి వెళ్తున్నాడు. పొద్దున ఎనిమిదిన్నరకి వ్యాన్ వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకి దింపుతుంది. శనివారం సగం రోజే, ఆ రోజు నాన్నే బండి మీద దింపి తీసుకొస్తాడు. ఇన్నేళ్లలో వెళ్లనని ఏనాడూ పేచీ పెట్టలేదు. హారన్ వినపడితే వాడే ముందు గేటు దగ్గర నిలబడేవాడు.

మూడు వారాల నుంచి పొద్దున్నే ఎడమ బూటు కనపడటం లేదు. మొదటి రోజు వాషింగ్ మెషీన్ వెనకాల దొరికింది. తర్వాత బాత్రూమ్ బకెట్‌లో, ఇంకోసారి నాన్న ఆఫీసు బ్యాగులో. కుడి బూటు జోలికి పోడు. ఎడమది లేకపోతే నడవలేడని, నడవలేకపోతే తీసుకెళ్లరని వాడికి తెలుసు. మేమేమో నవ్వుకున్నాం. బకెట్‌లో బూటు ఫోటో తీసి మా కజిన్స్ గ్రూప్‌లో కూడా పెట్టాను. ఇప్పుడా ఫోటో చూస్తే సిగ్గేస్తోంది. శనివారాలు మాత్రం బానే ఉంటాడు. ఆ రోజు పాటల క్లాసు ఉంటుంది, అందుకేలే అనుకున్నాం.

పోయిన సోమవారం స్నానం చేయిస్తుంటే అమ్మ చూసింది. కుడి చెయ్యి పైభాగంలో, చంక కింద లోపలివైపు నీలం మచ్చలు. నాలుగు వరసగా, ఒకటి అవతలి పక్క. సెంటర్‌కి ఫోన్ చేస్తే "బాత్రూమ్‌లో జారబోతే పట్టుకున్నామండీ" అన్నారు. మర్నాడు వాళ్లే ఫోన్ చేసి, ఈ మధ్య బిహేవియర్ పెరిగింది, అరుస్తున్నాడు, డాక్టర్‌గారికి చెప్పి మందు కొంచెం పెంచించండి అన్నారు. అమ్మ సరేనంది కూడా. ఈలోగా ఇంకోటి జరిగింది. నాన్న తీగ మీద తువ్వాలు తీసుకుందామని చెయ్యెత్తితే వీడు తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి వంగిపోయాడు. మా ఇంట్లో వాణ్ని కొట్టేవాళ్లు లేరు.

ఆ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. సెంటర్‌లో సార్ కొట్టాడా అంటే "ఊ" అన్నాడు. ఆయమ్మ కొట్టిందా అంటే "ఊ". నాన్న కొట్టాడా, "ఊ". చివరికి నేను కొట్టానా అన్నా కూడా "ఊ" అన్నాడు. అన్నిటికీ ఊ అనేవాడి దగ్గర నిజం ఎలా రాబట్టాలి?

అమ్మ మాత్రం వద్దంటోంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటోంది. ఈ సెంటర్ పోతే ఇంకోటి లేదు, గొడవ పెట్టుకుంటే ఆ కోపం వాడి మీదే చూపిస్తారు అని భయం. ఆ భయం నాకూ లేకపోలేదు. నేను ఊహించుకుంటున్నానా? ఊహ కాకపోతే ముందు ఏం చెయ్యాలి?

ఒక నాన్న:

అమ్మా, నాకూ పదహారేళ్ల కొడుకున్నాడు, ఆటిజం. మీ బాధ తెలుసు. కానీ తొందరపడకండి అని చెప్పడానికే రాస్తున్నాను. ఈ సెంటర్లలో ఒక్కో ఆయా ఎంతమందిని చూసుకోవాలో, వాళ్లకిచ్చే జీతమెంతో మనకి తెలియనిది కాదు. నిజంగానే జారబోతే పట్టుకుని ఉండొచ్చు. మా వాడు తలుపు గుద్దుకుని నుదురు వాచిన రోజు నేను ఒక టీచర్ మీద ఇంతెత్తున లేచాను. తీరా సీసీ కెమెరా చూస్తే వాడంతట వాడే గుద్దుకున్నాడు. ఆవిడ మానేసి వెళ్లిపోయింది. అంత మంచి టీచర్ మళ్లీ దొరకలేదు. ముందు ఆ సార్‌తో ఒక్కసారి నెమ్మదిగా కూర్చుని మాట్లాడండి.

పాత టీచరమ్మ:

చిన్నా వాళ్లక్కా, 22 ఏళ్లు స్పెషల్ టీచర్‌గా పనిచేసి మానేసినదాన్ని. మీరు ఊహించుకోవడం లేదు.

పై నాన్నగారు చెప్పినదాంట్లో ఒకటి నిజం, మనిషిని చూడకుండా నింద వెయ్యకూడదు. కానీ ఆ సార్‌తో కూర్చుని మాట్లాడమన్నారే, అది మాత్రం ఇప్పుడు వద్దు. తప్పు ఆయనదైతే ఆయన జాగ్రత్తపడతాడు. ఆయనది కాకపోతే మీరు అనవసరంగా ఒకణ్ని అనుమానించినట్టవుతుంది. ఎవరనేది మీరు తేల్చాల్సిన పని కాదు. మీకు కనపడినవి కనపడినట్టు రాసిపెట్టడం వరకే మీ పని.

మచ్చల సంగతి. నడక సరిగ్గా లేని మనిషి పడితే దెబ్బలు ఎముక పైకి ఉన్నచోట తగులుతాయి. మోకాలు, మోచెయ్యి, మోకాలి కింద ముందువైపు, నుదురు అలాంటివి. చంక కింద, చెవి వెనక, మెడ, తొడ లోపలివైపు లాంటి మెత్తటి చోట్ల మచ్చలుంటే మాత్రం ఎందుకని అడగాల్సిందే. నాలుగు ఒక వైపు, ఒకటి అవతలి వైపు అన్నారు. అవి వేళ్ల గుర్తులే అయ్యుండొచ్చు. పడబోతే పట్టుకున్నా అలాగే పడొచ్చు, అది కూడా నిజమే. అందుకే మచ్చ ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ మచ్చ, బూటు, తువ్వాలు, అరుపులు, నాలుగూ ఒకే మూడు వారాల్లో వచ్చాయి చూడండి.

ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందు పెంచించడానికి కాదు, మచ్చలు చూపించి అవి ఎక్కడ ఉన్నాయో, ఎంత సైజో కాగితం మీద రాయించుకోవడానికి. రంగు చూసి ఇది ఇన్ని రోజుల నాటిదని ఎవరైనా చెప్తే నమ్మకండి, అలా కచ్చితంగా చెప్పడం డాక్టర్లకీ కుదరదు. ఇంట్లో మీరు తీసే ఫోటోల్లో పక్కన ఒక స్కేలు పెట్టండి. ఒక ఫోటో దగ్గర నుంచి, ఒకటి మనిషి మొత్తం కనపడేలా తీయండి.

మందు గురించి చెప్తాను, ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. మాట రాని మనిషి అరిస్తే "బిహేవియర్" అని రాస్తారు. ఏడిస్తే బిహేవియర్, కొరికితే బిహేవియర్. వాడికి పంటినొప్పి ఉందా, మలబద్ధకం ఉందా, ఎవరైనా గిల్లుతున్నారా అని చూసేవాళ్లు తక్కువ. అంతా వాడి వైకల్యం ఖాతాలోకి పోతుంది. నా క్లాసులో ఒక పిల్లవాడు ఎనిమిది నెలలు చెవి కొట్టుకున్నాడు. ఆటిజం కదా అన్నాం. నేనూ అన్నాను. తీరా చూస్తే చెవిలో చీము. మీవాడికి మత్తొచ్చే మందు పెంచితే అరుపులు తగ్గుతాయి, బూటు దాచే ఓపికా పోతుంది. అప్పుడు వాడు చెప్పేదేమీ ఉండదు మనకి.

ఎందుకంటే వాడు ఇప్పటికే చెప్తున్నాడు. బూటు దాచడమంటే "నన్ను పంపకండి" అనడం. ఇరవై మాటలున్నవాడు ఇంతకంటే తెలివిగా ఇంకెలా చెప్తాడు?

ఇక "ఊ" సంగతి. అది వాడి తప్పు కాదు, మా టీచర్లందరి తప్పు. చిన్నప్పటి నుంచి కూర్చో అంటే కూర్చో, ఊ అంటే శభాష్ అని చప్పట్లు కొట్టి పెంచాం. ఎదుటివాళ్లు ఏ జవాబు కోరుకుంటున్నారో అదే ఇస్తారు మా పిల్లలు. మీరు మళ్లీ అడగకండి. పేర్లు చెప్పి అసలే అడగకండి. స్టాఫ్ ఫోటోలు చూపించి ఈయనేనా, ఆవిడేనా అంటారేమో, దాంతో రేపు వాడు నిజంగా చూపించినా "ఇంట్లోవాళ్లు నేర్పించారు" అని కొట్టిపారేస్తారు. వాడంతట వాడు ఏదైనా అన్నా, చూపించినా ఉన్నదున్నట్టు రాసుకోండి. మీరేం అన్నారో, వాడేం చేశాడో, టైమెంతో. అంతే.

ఆ సెంటర్‌తో సంబంధం లేని ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టుకోండి. బొమ్మల కార్డులతో కూర్చుంటారు. మీ ఇంట్లో వాడికి కార్డులుంటే ఒకసారి తీసి చూడండి. నీళ్లు, బాత్రూమ్, టీవీ, బంతి, అమ్మ ఉంటాయి. వద్దు, నొప్పి, భయం, కొట్టారు అనేవి ఉన్నాయా? ఉండవు. ఒంటి భాగాలన్నీ కనపడే బొమ్మ ఉందా? అది అసలే ఉండదు, సిగ్గు మనకి. చెప్పడానికి కార్డే ఇవ్వకుండా వాడు చెప్పలేదంటే ఎలా?

ఒక చిన్న ప్రశ్న. శనివారం బూటు దాచడు అన్నారు. శనివారానికీ మిగతా రోజులకీ తేడా పాటల క్లాసు ఒక్కటేనా?

చక్రాల కుర్చీ:

టీచరమ్మగారు చెప్పినదాంట్లో నేను చేర్చాల్సింది లేదు. కాకపోతే ఆంటీగారి "కాళ్ల మీద పడుతుంది" మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. కాళ్లు పనిచెయ్యవు కాబట్టి నా మీద పడటానికేమీ లేదు, నేను చెప్పొచ్చు. (నవ్వుకోండి, నేను నవ్వుతూనే రాస్తున్నాను.)

నాకు పోలియో. చదువుకున్నాను, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తాను, మాట బాగా వచ్చు. అయినా రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ కొట్టలేదు, అదీ సమస్య. నేను ఉంటున్న బంధువుల ఇంట్లో వాళ్లకి కోపమొస్తే నా కరెంటు కుర్చీ చార్జర్ తీసి బీరువాలో పెట్టేవాళ్లు. కుర్చీని వేరే గదిలోకి నెట్టేసేవాళ్లు. ఒక పూటంతా మంచం మీదే. మాటిమాటికీ బాత్రూమ్‌కి తీసుకెళ్లలేమని మధ్యాహ్నం తర్వాత నీళ్లు తగ్గించేశారు. నేనే అలవాటు చేసుకున్నాను. అడగడం మానేస్తే అంతా బాగుంటుందనుకున్నాను. మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే "నీ ఒంటికి ఇది మామూలేగా" అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఉద్యోగం పని మీద 2016 వికలాంగుల హక్కుల చట్టం చదవాల్సొచ్చింది. అందులో 92వ సెక్షన్. సంరక్షణలో ఉన్న మనిషికి తెలిసి తెలిసి తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం నేరం. అవయవాన్ని గానీ, వాడుకునే పరికరాన్ని గానీ పాడుచేసినా, వాడుకోకుండా అడ్డుపడినా నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ లైను మూడుసార్లు చదివాను. నా చార్జర్ గురించి పార్లమెంటులో ఎవరో ఆలోచించారన్నమాట! దాన్ని నేను "ఇంటి గొడవ" అని పిలుచుకుంటున్నాను ఇన్నాళ్లూ.

ఒక స్నేహితురాలితో మాట అనుకున్నాను, నేను ఫోన్‌లో "ఫైల్ పంపావా" అని రెండుసార్లు అడిగితే ఏదో జరుగుతోందని అర్థం. ఆధార్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు), బ్యాంకు కాగితాల ఫోటోలు తన దగ్గర పెట్టాను. ఆ తర్వాత తహసీల్దార్‌కి కాగితం రాశాను. ముందు పోలీసులకి ఫోన్ చేశాను లెండి. తీసినాయన "ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వమ్మా ఫోన్" అన్నాడు. నాకప్పుడు 34 ఏళ్లు.

ఇప్పుడు వేరే ఉంటున్నాను. మీ అమ్మగారి భయం అబద్ధమని నేననను. చెప్పిన తర్వాత నెలంతా నరకమే. కానీ ఆవిడకి ఒక మాట చెప్పండి. మనం ఎక్కడికీ పోలేమని తెలిసినవాళ్లే మనతో అలా ఉంటారు. "ఈ సెంటర్ తప్ప దిక్కులేదు" అనే మాట ఆ సెంటర్ వాళ్ల ముందు మాత్రం అనకండి.

ఒక నాన్న:

టీచరమ్మగారూ, కెమెరాలో దొరక్కపోతే నేను ఆ టీచర్‌ని ఏం చేసేవాణ్నో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది, అందుకే అలా రాశాను. మందు సంగతి మీరు చెప్పాక మా వాడి పాత డిశ్చార్జి కాగితాలు తీసి కూర్చున్నాను. అది వేరే కథ.

అమ్మా, కెమెరా అంటే గుర్తొచ్చింది. రికార్డింగ్ కొన్నాళ్లకి దానంతట అదే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని ఇవాళే కాగితం మీద రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇది మాత్రం సెంటర్‌కి తెలిసినా ఫర్వాలేదు.

చిన్నా వాళ్లక్క:

టీచరమ్మా, మీరడిగిన ప్రశ్న మధ్యాహ్నం నుంచి తలలో తిరుగుతోంది. శనివారం వ్యాన్ ఉండదు.

నిన్న సాయంత్రం ఒకటి గమనించాను. వీధి చివర ఎవరిదో స్కూల్ వ్యాన్ హారన్ కొడితే చిన్నా మంచం కిందికి దూరాడు. నేనేమీ అడగలేదు. టైము రాసుకున్నాను, 5:10.

డాక్టర్‌గారు మచ్చలు కొలిచి రాసిచ్చారు. మందు ఇప్పుడే మార్చొద్దన్నారు. రెండు రోజులుగా వాణ్ని పంపట్లేదు, ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇప్పుడు కాగితం ఎవరికి రాయాలి? పోలీస్ స్టేషన్‌కి వాణ్ని తీసుకెళ్లాలంటే కాళ్లు రావట్లేదు. అక్కడి లైట్లు, గోల, కొత్త మనుషులు… వాడు తట్టుకోలేడు.

నల్లకోటు:

వాణ్ని స్టేషన్‌కి తీసుకెళ్లక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్ ఉంది. శారీరక, మానసిక వైకల్యం ఉన్న సాక్షిని వాళ్లుండే చోటికి తప్ప ఇంకెక్కడికీ రమ్మనకూడదు. పాత చట్టంలోనూ ఇది ఉండేది, 160 కింద. ఫిర్యాదు మీరివ్వండి, వాళ్లే మీ ఇంటికి రావాలి. వస్తే యూనిఫాం లేకుండా రమ్మని అడగండి. అది మర్యాదగా అడిగి చూడాల్సిన విషయం.

కాగితం రెండు చోట్లకి. ఒకటి పోలీసులకి. ఇంకోటి, పైన అక్కగారు చెప్పినట్టు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మామూలుగా మన తహసీల్దార్ లేదా ఆర్డీఓ. 2016 చట్టం 7వ సెక్షన్ ప్రకారం వేధింపు జరిగిందనో, జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. తల్లిదండ్రులే ఇవ్వాలని లేదు, రుజువు మీ చేతిలో ఉండాలనీ లేదు. ఆయన వెంటనే ఆపే చర్య తీసుకోవాలి, అవసరమైతే రక్షణ ఉత్తర్వులు ఇవ్వాలి. అదే సెక్షన్ కింద పోలీసులు మీకు కొన్ని చెప్పి తీరాలి: ఏ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలో, దగ్గర్లో పనిచేసే సంస్థ ఏదో, ఉచిత న్యాయ సహాయం హక్కని. చాలామంది చెప్పరు. మీరే సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి, మాట తీరు మారుతుంది. వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ వస్తాడు, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. 15100కి ఫోన్ చేస్తే జిల్లా సంస్థ వాళ్లని కలుపుతారు. నా ఫీజు పోతుంది కానీ ఏం చేస్తాం.

ఫిర్యాదులో అనుమానితుడి పేరు రాయాలన్న రూలు లేదు. "వ్యాన్‌లో గానీ సెంటర్‌లో గానీ" అని రాయండి. మంచం కింద దూరిన సంగతి టైముతో సహా రాయండి. సెంటర్‌కి వికలాంగుల సంస్థగా రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి. అది లేకుండా నడపకూడదు.

"మాటలు రానివాడి సాక్ష్యం ఎవరు నమ్ముతారు" అని ఎవరో ఒకరు అంటారు, మీ బంధువుల్లోనే అంటారు. దానికి జవాబు మన దగ్గరి కేసే. పుట్టుకతో చూపు లేని ఒక అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసు, పఠాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఆమె అతణ్ని గొంతును బట్టి గుర్తుపట్టింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు, వైకల్యం ఉన్నంత మాత్రాన ఒక సాక్ష్యం మిగతావాళ్ల సాక్ష్యం కంటే తక్కువ కాదని చెప్పింది. మాట్లాడలేని సాక్షి సైగలతోనో రాతతోనో చెప్పినా కోర్టు దాన్ని నోటి మాటగానే తీసుకుంటుంది. స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పక్కన పెట్టుకుని, వీడియో తీయాలి. అందుకే టీచరమ్మగారి మాట వినండి, కార్డుల దగ్గర కూర్చున్నప్పుడు మొదటి నిమిషం నుంచీ వీడియో ఆన్‌లో ఉండాలి. మధ్యలో కట్ చేసినది పనికిరాదు.

పాత టీచరమ్మ:

వీడియోలో మీరు కనపడకండి. గదిలో ఉండకపోతే ఇంకా మంచిది. మీ మొహం చూసే "ఊ" అంటాడు వాడు.

నాన్నగారికి ఒక మాట, ఇది మీ ఇద్దరికీ పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన ఒక సమీక్ష 2012లో వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలు హింసకి గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువని తేలింది. నేనది చదివిన రోజు నా క్లాసులో ఉన్న పదకొండు మందిని లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక పద్ధతి మొదలుపెట్టాను. బట్టలు మార్చే ముందు, "ఇప్పుడు చొక్కా తీయనా?" అని అడగడం. వద్దంటే ఆగడం. అవును, పని లేటవుతుంది. ఒక పిల్లకి "వద్దు" కార్డు ఇచ్చాక నెల రోజులు ప్రతిదానికీ అదే చూపించింది, ప్రాణం తీసింది. కానీ తర్వాత వాళ్లింటికి వచ్చిపోయే ఒకడికి ఆ కార్డే చూపించి, వచ్చి వాళ్లమ్మ వెనక నిలబడింది.

చిన్నా వాళ్లక్క:

పన్నెండు రోజులైంది, చెప్పకుండా మాయమైపోయినందుకు క్షమించండి.

వేరే ఊరి నుంచి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ వచ్చారు. రెండుసార్లు కూర్చున్నారు. మొదటి రోజు ఏమీ లేదు, బంతి ఆట అంతే. రెండో రోజు కార్డులన్నీ నేల మీద పరిచి, వాడితో ఏ ప్రశ్నా వెయ్యకుండా తన పాటికి తను ఏదో సర్దుకుంటున్నారట. వాడు వ్యాన్ బొమ్మ తీసి పక్కన పెట్టాడు. చెయ్యి బొమ్మ తీసి దాని మీద పెట్టాడు. తర్వాత ఆ రెండిటినీ మంచం కిందికి తోసేశాడు. వీడియోలో ఆ ముక్క నేను నాలుగుసార్లు చూశాను. అమ్మ ఒక్కసారే చూసి లోపలికెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, ఫిర్యాదు కాగితం ఎక్కడ సంతకం పెట్టాలని అడిగింది.

నేను మొదట్లో ఆ సార్‌నే అనుకున్నాను. మీరు ఆపకపోతే ఆయన మీదికే వెళ్లేదాన్ని. మూడు నెలల క్రితం వ్యాన్‌లో కొత్త హెల్పర్ వచ్చాడని ఇప్పుడు తెలిసింది. ఆయన ఎవరనేది ఇక్కడ రాయను, విచారణ జరుగుతోంది. ఇంకో ఇద్దరు పిల్లల తల్లులు కూడా కాగితం ఇచ్చారు. అందులో ఒకావిడ కూతురు రెండు నెలలుగా పొద్దున్నే చొక్కా తడిపేసుకుంటోందట. ఆ అమ్మాయికి మందు పెంచారు, అది ఇప్పుడు తగ్గిస్తున్నారు.

తహసీల్దార్‌గారు సెంటర్‌కి వచ్చారు. వ్యాన్‌లో ఇద్దరు లేకుండా నడపొద్దని రాసిచ్చారు. సెంటర్ వాళ్లకి మా మీద కోపంగానే ఉంది, ఒకావిడైతే "ఇంతకాలం చూసుకున్నాం కదండీ" అంది. అంది కానీ, నిజమే, చూసుకున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చిన్నాని ప్రస్తుతం నాన్నే దింపుతున్నాడు, వారానికి మూడు రోజులే. బూటు మంచం పక్కనే ఉంటోంది. ఒక్కోరోజు మాత్రం మళ్లీ బకెట్‌లో దొరుకుతుంది, ఆ రోజు పంపట్లేదు.

చక్రాల కుర్చీ అక్కా, మా అమ్మ మీ పోస్టు నాతో రెండుసార్లు చదివించుకుంది. మీ చార్జర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అడగమంది.

నల్లకోటు గారూ, గురువారం పోలీసులు స్టేట్‌మెంట్ కోసం ఇంటికొస్తామన్నారు, మేడమ్ కూడా ఉంటారు. వాడు కొత్తవాళ్ల ముందు పాత నీలం దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు, మొహం కూడా సగం కప్పేసుకుంటాడు. వీడియోలో అది ఉండొచ్చా? తీసెయ్యాలా?

నల్లకోటు:

ఉండనివ్వండి. చేతులు కనపడితే చాలు.

చక్రాల కుర్చీ:

నా దగ్గరే ఉందని చెప్పండి ఆంటీకి. రెండున్నాయి.